ఆసుపత్రిలో బొమ్మలాట

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చిన మీకు ఇవాళ ఆసుపత్రి కబుర్లు చెప్పబోతున్నానంటే, "ఇదేం కర్మమ్మా, పడుకునే ముందు ఈ గొడవ" అనుకుంటారేమో. భయపడకండి. రోగాల గురించీ, మందుల గురించీ చెప్పేటంత చదువు నాకు లేదు. పదో తరగతితో ఆగిపోయిన చదువు నాది. నేను చెప్పబోయేది సాధన సంగతి. అదీ మన వంటింట్లోంచే మొదలుపెడతాను.

ఒకనాడు తెల్లవారుజామున లేచి వంటింట్లోకి వెళ్ళాను. గుప్పున గ్యాసు వాసన. గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలో మనలో ఎవరికి తెలియదు చెప్పండి? స్విచ్చి ముట్టుకోకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు, రెగ్యులేటరు కట్టెయ్యాలి, కిటికీలూ తలుపులూ తెరవాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇదే రేడియోలో ఒకసారి నలుగురికీ చెప్పాను కూడా. అలాంటి నేను ఆ చీకట్లో చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? చెయ్యి చాపి లైటు వేశాను! నా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కాని ఆ తర్వాత అరగంటసేపు కాళ్ళు వణుకుతూ పెరట్లో కూర్చుండిపోయాను. తెలియక చేసిన తప్పయితే సరే అనుకోవచ్చు. తెలిసీ చేశానే! అప్పుడు అర్థమైంది నాకు, తెలిసి ఉండటం వేరు, చేతికి వచ్చి ఉండటం వేరు అని. బుర్ర ఇంకా ఆలోచిస్తూండగానే చెయ్యి తనకు అలవాటైన పని చేసేస్తుంది. కంగారులో పెత్తనమంతా చేతిదే.

ఈ చిన్న సంగతే పెద్ద పెద్ద ఆసుపత్రులకు కూడా పెద్ద సమస్య. కరోనా కాలంలో డాక్టర్లకూ నర్సులకూ బొమ్మల మీద, ఉత్తుత్తి రోగుల మీద శిక్షణ ఇవ్వడం వెనక ఉన్న కథంతా ఇదే. దీన్ని వాళ్ళ భాషలో సిమ్యులేషన్ అంటారు. జరగబోయేదాన్ని ముందే జరిగినట్టు నటించి నేర్చుకోవడం అన్నమాట.

ఈ శిక్షణను నేను మొదట్లో ఎంత ఎగతాళి చేశానో ముందు ఒప్పుకుంటాను. మా ఆడపడుచు విజయవాడలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆవిడ భర్తది ఒడిశాలో ఉద్యోగం. ఆవిడా, మూడో తరగతి చదివే కొడుకూ మా మేడ మీద వాటాలో ఉండేవారు. 2020 జనవరి 30న కేరళలో మన దేశపు మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించింది. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆయన ఒడిశాలో చిక్కుబడిపోయాడు. ఇక్కడ ఈవిడను కరోనా వార్డుకు వేశారు. అప్పటిదాకా ఆవిడ పని కళ్ళ విభాగంలో. ఊపిరాడని రోగిని చూసి ఎన్నేళ్ళయిందో! ఆవిడ ఒక్కతే కాదు, ఆ రోజుల్లో ఎముకల డాక్టర్లనూ, చర్మవ్యాధుల డాక్టర్లనూ, చదువు ముగిసీ ముగియని పిల్లలనూ కూడా ఎన్నో చోట్ల ఆ వార్డులకే పంపవలసి వచ్చింది.

డ్యూటీలో చేరేముందు వాళ్ళకు కొన్ని రోజులు శిక్షణ పెట్టారు. మొదటి రోజు సాయంత్రం ఇంటికి రాగానే కాఫీ ఇచ్చి, "ఏం నేర్పారమ్మా?" అని అడిగాను. "బట్టలు విప్పడం నేర్పారు వదినా" అంది. "రెండో రోజు?" "రేపు కూడా అదే." నాకు నవ్వాగలేదు. "మూడో రోజు?" "బొమ్మకు వైద్యం" అంది. "బయట మనుషులు పిట్టల్లా రాలిపోతున్నారని వార్తల్లో చెబుతూంటే, మీరక్కడ కూర్చుని బొమ్మలాట ఆడుకుంటున్నారా?" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. కాఫీ తాగి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో!

బట్టలు విప్పడానికి శిక్షణ ఎందుకంటారా? పీపీఈ కిట్టు అనే మాట అప్పట్లో పిల్లల నోట కూడా ఆడింది. తల నుంచి పాదాల దాకా కప్పే తొడుగు, రెండు జతల చేతొడుగులు, ముక్కుకు బిగుతైన మాస్కు, కళ్ళద్దాలు, ఆ పైన ముఖానికి అడ్డంగా ఒక రేకు. ఇవన్నీ తొడుక్కోవడంలో కంటె విప్పుకోవడంలోనే ప్రమాదం ఎక్కువ. ఆరుగంటలు రోగుల మధ్య తిరిగాక ఆ తొడుగు పైభాగమంతా మైలే. విప్పేటప్పుడు ఆ మైల ఒంటికి అంటకూడదు. ముందు పై చేతొడుగులు, మాస్కు మాత్రం అన్నిటికన్నా చివర, ప్రతి మెట్టుకూ మధ్య చేతులు శుభ్రం చేసుకోవడం, ఇదీ వరస. అలిసిపోయి, దాహంతో నాలుక పిడచగట్టి, చెమటకు ముక్కు దురద పెడుతూ ఉన్న మనిషి ఆ వరస తప్పకుండా చెయ్యాలి. మనం వంట ముగించి వస్తూ కొంగుతో ముఖం తుడుచుకుంటామే, ఆ ఒక్క కదలిక చాలు కొంప ముంచడానికి.

ఇది ఉత్త అనుమానం కాదు. 2014లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఒక ఎబోలా రోగికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఆ జబ్బు అంటుకుంది. దేవుడి దయవల్ల ఇద్దరూ కోలుకున్నారు. ఆ వెంటనే ఆ దేశపు అంటువ్యాధుల కేంద్రం నిబంధనలు మార్చింది. రక్షణ దుస్తులు వేసుకోవడం, విప్పడం మళ్ళీ మళ్ళీ సాధన చేసి తీరాలనీ, విప్పేటప్పుడు పక్కన మరొకరు నిలబడి ప్రతి మెట్టూ గమనిస్తూ ఉండాలనీ చెప్పింది.

ఆ మరుసటి ఏడు, అంటే 2015లో, ఒహైయో రాష్ట్రంలో నాలుగు ఆసుపత్రుల సిబ్బందితో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు బయటికొచ్చాయి. చేతొడుగులకు ఒక రకం లోషను రాశారు. మామూలు వెలుతురులో అది కనపడదు, అల్ట్రావయొలెట్ దీపం కింద మాత్రం మెరుస్తుంది. ఆ తర్వాత, మీరు రోజూ విప్పినట్టే విప్పండి అన్నారు. దీపం వేసి చూస్తే 435 సార్లలో 200 సార్లు ఆ మెరుపు వాళ్ళ ఒంటి మీదో, లోపలి బట్టల మీదో కనిపించింది. అంటే దరిదాపు సగం! వాళ్ళంతా పని తెలిసినవాళ్ళే సుమండీ. తప్పు చేసినట్టు వాళ్ళకే తెలియదు. అదీ అసలు భయం. తర్వాత ఆ దీపం కిందే, తమ పొరపాటు తాము కళ్ళారా చూసుకునేటట్టు శిక్షణ ఇచ్చారు. అంతకుముందు నూటికి 60 సార్లు అంటుకున్న మరక, శిక్షణ తర్వాత 19 సార్లకు దిగింది. మందూ మాకూ ఏమీ లేదు. తన తప్పు తన కంటికి కనపడటం, మళ్ళీ చెయ్యడం, అంతే.

ఈ లెక్కలు నాకప్పుడు తెలియవు. కాని మా మేడ మీద ఒక ఆదివారం నాడు ఇదే పాఠం నా కళ్ళతో చూశాను. ఆ వేళ మా ఆడపడుచు నా దగ్గరకు వచ్చి, "వదినా, ఇంత పసుపు కలిపి ఇవ్వవా?" అంది. ఏం నోమో అనుకున్నాను. పాత తెల్ల జాకెట్టు వేసుకుని, దాని మీద మా వారి రెయిన్‌కోటు తొడుక్కుంది. అంట్లు తోమే రబ్బరు చేతొడుగులు వేసుకుంది. చేతులకూ, కోటు ముందు భాగానికీ పసుపు నీళ్ళు పుయ్యమంది. పూశాను. పిల్లాడి చేతికి కాగితం ఇచ్చి, "ఒక్కొక్క లైనే చదువు నాన్నా, నేను చేసిందాకా రెండోది చదవకు" అంది. వాడికి ఆటగా ఉంది. గొంతు పెంచి మాస్టారిలా చదివాడు. ఆవిడ ఒక్కొక్కటే విప్పింది. అంతా అయ్యాక వాడు చుట్టూ తిరిగి చూసి, "అమ్మా, ఇక్కడ పసుపు!" అని అరిచాడు. మెడ దగ్గర, చెవి కింద, చిటికెడంత మరక.

వాడికి నవ్వు. ఆవిడ నవ్వలేదు. ఆ మరక కేసి అద్దంలో చాలాసేపు చూసుకుంది. "మళ్ళీ పుయ్యి వదినా" అంది. ఆ సాయంత్రం ఏడుసార్లు చేసింది. ఆరోసారికి మరక లేదు. "మరింకెందుకమ్మా?" అంటే, "ఒకసారి సరిగ్గా వస్తే వచ్చినట్టు కాదు" అంది. ఏడోసారి విప్పాక పిల్లాడు దగ్గరికి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, "పాసయ్యావమ్మా" అన్నాడు. వాడు చేతులు వేసిన చోటు చూశాను. అంతకుముందు పసుపు అంటుకున్న చోటు అది. అప్పటికి కాని నా మొద్దు బుర్రకు ఎక్కలేదు, ఆవిడ ఎవరికోసం అన్నిసార్లు విప్పుకుందో! ఆ తర్వాత డ్యూటీ మొదలయ్యాక వాణ్ణి కింద నా దగ్గరే పడుకోబెట్టుకున్నాను. ఆవిడ భోజనం మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని.

ఇక బొమ్మ సంగతి. దాని కథ వింటే మీకు ముచ్చటేస్తుంది. నార్వే దేశంలో స్టవాంగర్ అనే ఊళ్ళో ఆస్మండ్ లేర్డాల్ అని ఒకాయన ఉండేవారు. పిల్లల ఆటబొమ్మలు తయారుచేసే వ్యాపారి. ఒకప్పుడు ఆయన చంటి కొడుకే నీళ్ళలో పడి, చివరి క్షణంలో బతికాడు. గుండె ఆగినవారికి, ఊపిరి ఆగినవారికి ప్రాణం నిలబెట్టే పద్ధతిని డాక్టర్లు అప్పుడప్పుడే కనిపెడుతున్నారు. అది నేర్పాలంటే బతికున్న మనిషి మీద ఎలా సాధన చేస్తారు? డాక్టర్లు ఆయన్ను అడిగారు. ఆయన మెత్తని ప్లాస్టిక్కుతో మనిషంత బొమ్మను చేసి 1960లో బయటికి తెచ్చారు. దానికి పెట్టిన ముఖం ఒక ఆడపిల్లది. పూర్వం పారిస్‌లో సేన్ నదిలో శవమై తేలిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖపు అచ్చు అది. ఎవరి బిడ్డో, ఏ కష్టం వచ్చి పోయిందో ఎవరికీ తెలియదు. ఆ పిల్లను ఎవరూ కాపాడలేకపోయారు. కాని ఆ ముఖం మీద వంగి లక్షలాది మంది ప్రాణం పొయ్యడం నేర్చుకున్నారు. ఇది వింటూంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పటి బొమ్మలు మరీ తెలివైనవి. ఊపిరి తీస్తాయి, నాడి కొట్టుకుంటుంది, కళ్ళు ఆర్పుతాయి. పక్క గదిలో కూర్చున్న మాస్టారు మీట నొక్కితే దాని ఊపిరి కుదేలవుతుంది. అప్పుడు ఆ గదిలో నలుగురూ ఏం చేస్తారో చూడటమే పరీక్ష. మా ఆడపడుచు వాళ్ళకు అంత ఖరీదు బొమ్మ లేదు. పాతదే, ఛాతీ నొక్కితే టక్కుమని చప్పుడు చేసేది. దాన్నే నిజం వార్డులో నిజం మంచం మీద పడుకోబెట్టి, కిట్లు తొడిగించి, కానివ్వండి అన్నారట.

మొదటిసారి అంతా గందరగోళమేనట. చేతొడుగుల డబ్బా తలుపు వెనక ఉంది, తలుపు తీస్తే అది కనపడదు! మాస్కుల్లోంచి ఒకరి మాట ఒకరికి వినపడదు. ముఖాలు కనపడవు గనక ఎవరు డాక్టరో ఎవరు నర్సో తెలియదు. "ఆ మందు ఇవ్వండి" అంటే అందరూ ఎదుటివాళ్ళు ఇస్తారనుకున్నారు, ఎవరూ ఇవ్వలేదు. రోగి చనిపోయాడు, అంటే బొమ్మ. అక్కడే ఉంది కిటుకు. బొమ్మ ఎన్నిసార్లు చచ్చినా మళ్ళీ బతుకుతుంది. మర్నాడు డబ్బా గోడకు మారింది. తొడుగుల మీద మార్కరుతో పేర్లు రాసుకున్నారు. ఎవరికి పని చెబితే వాళ్ళను పేరు పెట్టి పిలవడం, విన్నవాళ్ళు అదే మాట తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నారు. మనం పచారీ కొట్టుకు ఫోను చేసి సరుకులు చెప్పాక, అతను మళ్ళీ చదివి వినిపిస్తాడు చూడండి, అలాగ.

ఆట ముగిశాక అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవాలి. శిక్షణలో సగం బలం ఇందులోనే ఉందంటారు. ఎవరు తప్పు చేశారు అని కాదు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రేపు ఏం మార్చాలి అని. అక్కడ పెద్ద డాక్టరుగారినైనా సరే, నిన్నగాక మొన్న చేరిన నర్సు పిల్ల "ఆగండి సార్, మీ మాస్కు జారింది" అని చెప్పవచ్చు. చెప్పాలి కూడా. ఇది మనకు చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, కాదు. మన ఇళ్ళల్లో చూడండి, అత్తగారు పప్పులో ఉప్పు రెండోసారి వేస్తూంటే కొత్త కోడలికి నోరు పెగులుతుందా? పప్పయితే పారబోసుకుంటాం. ఆసుపత్రిలో ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. అంచేత, చిన్నవాళ్ళు చెప్పడం, పెద్దవాళ్ళు వినడం కూడా సాధన చెయ్యవలసిన విద్యే అయింది.

సాధన వల్ల మరో మేలు కూడా ఉంది. మంచిదనుకున్నది మంచిదో కాదో ముందే తేలుతుంది. 2020 మొదట్లో తైవాన్ డాక్టరు ఒకాయన, రోగి గొంతులోకి గాలిగొట్టం వేసేటప్పుడు తుంపరలు డాక్టరు మీద పడకుండా, చేతులు దూర్చడానికి రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టె ఒకటి చేశారు. రోగి తల మీద అది బోర్లించి పని చెయ్యాలి. ఎంత చక్కని ఆలోచన! ప్రపంచమంతా మెచ్చుకుంది, ఎన్నో దేశాలలో చేయించుకున్నారు. ఆ ఏడే ఆస్ట్రేలియాలో 12 మంది మత్తు డాక్టర్లు బొమ్మ మీద 36 సార్లు గొట్టం వేసి చూశారు. పెట్టె ఉన్నప్పుడు గొట్టం వెయ్యడానికి ఎక్కువసేపు పట్టింది. పైగా ఎనిమిదిసార్లు డాక్టర్ల రక్షణ దుస్తులకే భంగం కలిగింది. పెట్టె లేనప్పుడు ఒక్కసారీ అలా కాలేదు. రక్షించాల్సిన పెట్టే రక్షణకు గండి కొట్టింది! ఆగస్టులో అమెరికా ప్రభుత్వం అలాంటి పెట్టెలకు ఇచ్చిన అత్యవసర అనుమతిని వెనక్కి తీసుకుంది. ఈ సంగతి బొమ్మ మీద తేలింది కాబట్టి సరిపోయింది. నిజం రోగి ఊపిరాడక కొట్టుకుంటూండగా తేలి ఉంటే?

ఇక, అసలు చెప్పాలనుకున్న ఒక రాత్రి సంగతి చెబుతాను. 2021 మే నెల. రెండో విడత కరోనా ఎంత భయంకరమో మీకు నేను చెప్పనక్కర్లేదు. మనలో ఎవరింట్లో ఖాళీ అయిన కుర్చీ లేదు గనక?

ఆ రాత్రి మా ఆడపడుచు వార్డు బయట గదిలో రాతపని చూసుకుంటోంది. కిట్టు తొడుక్కున్న నర్సులు ఇద్దరు లోపల ఉన్నారు. మూల మంచం మీద పెద్దాయనకు గుండె ఆగింది. లోపల ఉన్న నర్సు ఒకామె వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, చెయ్యి ఊపి బయటివాళ్ళను పిలిచింది. ఈవిడ లేచింది. కాళ్ళు లోపలికి పరుగెత్తమంటున్నాయి. కాని నేర్చుకున్న వరస వేరు. 2020 ఏప్రిల్‌లోనే అమెరికా హృద్రోగ సంఘం కూడా చెప్పింది, కరోనా రోగికి గుండె ఆగినప్పుడు సైతం ముందు రక్షణ దుస్తులు, ఆ తర్వాతే రోగి దగ్గరికి అని. ఛాతీ నొక్కేటప్పుడు తుంపరలు లేస్తాయి, అది మరీ ప్రమాదం. అంచేత ఆగి, కిట్టు వేసుకోవడం మొదలుపెట్టింది. పక్కనున్న అమ్మాయి ఒక్కొక్కటే చూస్తూ, "మెడ దగ్గర సందుంది, సరిచెయ్యండి" అంది. సరిచేసుకుంది.

అద్దాల తలుపు అవతల ఆ పెద్దాయన కొడుకు ఉన్నాడు. తండ్రికి మంచినీళ్ళ సీసాలు తెచ్చి ఇచ్చి, ఇంకా వెళ్ళలేదు. లోపల ఏదో జరుగుతోందని అతనికి తెలిసింది. ఇక్కడ ఈవిడ నిలబడి మెడ దగ్గర సర్దుకోవడం కనిపిస్తోంది. తలుపు మీద అరచేతులతో బాదుతూ అరిచాడట. "మనిషి పోతూంటే నువ్వు ముస్తాబు చేసుకుంటున్నావా!" అని.

ఈవిడ తలెత్తి చూడలేదు. కిట్టు పూర్తిచేసుకుని లోపలికి వెళ్ళింది. అలిసిపోయిన ఆమెను తప్పించి తను నొక్కింది. నిమిషానికి నూటికి తగ్గకుండా, ఐదు సెంటీమీటర్లు లోపలికి దిగేటట్టు, రెండు నిమిషాలకొకసారి చేతులు మారుతూ ముగ్గురూ నలభై నిమిషాలు పాటుపడ్డారు. ఆ పెద్దాయన దక్కలేదు.

మర్నాడు పొద్దున్న మెట్ల మీద భోజనం పెట్టడానికి వెళ్తే, పై మెట్టు మీద కూర్చుని ఉంది. అంత దూరం నుంచే అడిగింది. "వదినా, నేను ముస్తాబు చేసుకున్నానా?" అని. నాకు నోట మాట రాలేదు. ఏడాది కిందట, బొమ్మలాట ఆడుకుంటున్నారా అన్నది నేనే గదా! ఆ కొడుకు అన్న మాటకూ నా మాటకూ తేడా ఏముంది? కళ్ళ ముందు తండ్రి పోతున్నవాడు అతను, అతనికి అనే హక్కుంది. ఏ కష్టమూ లేకుండా కాఫీ గ్లాసు పట్టుకుని అన్న నాకేం హక్కుంది?

నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు తర్వాత ఎన్నో రాత్రులు ఆలోచించుకుని కూడబెట్టుకున్నాను. ఆ కాస్త ఆలస్యం లేకపోతే ఆయన బతికేవారా? ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న ఆవిడ మెడకు చుట్టుకునే ఉంటుంది. శిక్షణ తీసుకున్నవాళ్ళు అందరినీ కాపాడేస్తారని నేను మీకు అబద్ధం చెప్పను. కాని ఆవిడ ఆ మెడ దగ్గర సందుతో లోపలికి పరుగెత్తి, జబ్బు తెచ్చుకుని పడిపోతే, మర్నాడు ఆ వార్డులో మిగతా మంచాల దగ్గర నిలబడేదెవరు? నా పక్కలో పడుకున్న ఆ పిల్లాడికి ఏం చెప్పేదాన్ని? గుండె పరుగెత్తమంటే కాళ్ళను ఆపడం మామూలు మనిషికి చేతనయ్యే పని కాదమ్మా. మేడ మీద ఏడుసార్లు రెయిన్‌కోటు విప్పినవాళ్ళకే చేతనవుతుంది. ఈ మాట ఆవిడతో ఆలస్యంగానైనా చెప్పాను. ఏమీ అనలేదు. నా చేతిలో గిన్నె అందుకుని, "కూర ఏమిటి వదినా?" అంది. అంతే.

ఆ తర్వాత 2022 డిసెంబరు 27న దేశమంతటా ఆసుపత్రులలో మాక్ డ్రిల్ జరిపారు. 2023 ఏప్రిల్ 10, 11 తేదీలలో మరోసారి జరిగింది. ఆక్సిజన్ ప్లాంట్లు నడుస్తున్నాయా, వెంటిలేటర్లు పనిచేస్తున్నాయా, మంచాలూ మందులూ మనుషులూ సిద్ధంగా ఉన్నారా అని చూశారు. స్ట్రెచరు మీద బాగున్న మనిషిని పడుకోబెట్టి తోసుకుపోవడం టీవీలో చూసి, "కరోనా తగ్గిపోయాక ఈ నాటకాలేమిటి?" అని మా పక్కింటావిడ నవ్వింది. నేను నవ్వలేదు. గొడుగు బాగుచేయించుకోవలసింది ఎండలున్నప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది. మహమ్మారి ఇక రాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆక్సిజన్ ప్లాంటు కట్టి తాళం వేస్తే సరిపోదు, అర్ధరాత్రి దాన్ని నడపగల చెయ్యి ఉందా లేదా అన్నది డ్రిల్లులోనే తేలుతుంది.

మరి మనమేం చెయ్యాలి? మూడు చిన్న మాటలు మనవి చేసుకుంటాను.

ఒకటి. ఆసుపత్రిలో అద్దం ఇవతల నిలబడే గతి ఎవరికీ రాకూడదు. ఒకవేళ వస్తే, లోపల నర్సు చేతులు కడుక్కుంటూనో, తొడుగు సర్దుకుంటూనో కనిపిస్తే, అది నిర్లక్ష్యం కాదని గుర్తు చేసుకోండి. అది కూడా వైద్యంలో భాగమే.

రెండు. మీ ఇంట్లోనో, బంధువులలోనో నర్సులూ, ఆసుపత్రి ఆయాలూ ఉంటే, శిక్షణ అని ఆలస్యంగా ఇంటికి వచ్చినప్పుడు నాలాగా ఎద్దేవా చెయ్యకండి. వేడిగా ఇంత అన్నం పెట్టండి.

మూడు. మన ఇంట్లో మన డ్రిల్లు మనమూ చేద్దాం. ఈ ఆదివారం కళ్ళకు గుడ్డ కట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, స్విచ్చి ముట్టుకోకుండా, రెగ్యులేటరు కట్టి, కిటికీ తెరిచి చూడండి. పిల్లల చేత, నిజంగా ఫోను చెయ్యకుండానే, 108కి ఏం చెప్పాలో చెప్పించండి. ఇంటి నంబరు, వీధి, దగ్గరలో ఉన్న గుడో బడో చెప్పగలరేమో చూడండి. మొదటిసారి తడబడతారు. నవ్వుకోండి, మళ్ళీ చేయించండి. నేను చేశాను. మా వంటింట్లో మూడుసార్లు తలుపుకు నుదురు కొట్టుకున్నాను. నాలుగోసారి చెయ్యి తిన్నగా రెగ్యులేటరు మీదికి వెళ్ళింది.

చిన్నప్పుడు మనమంతా బొమ్మల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళమే. లక్కపిడతలలో వంట చేశాం, వియ్యపురాళ్ళమై అలిగాం, అప్పగింతలకు నిజంగానే ఏడ్చాం. ఆ ఆటను ఎవరూ వృథా అనలేదు. ఒకనాడు నిజం సంసారం నెత్తిన పడ్డప్పుడు, ఆ ఆడుకున్న చేతులే కాస్త తడబాటు తగ్గి పని అందుకున్నాయి. ఆసుపత్రిలో ఆడే బొమ్మలాటా అలాంటిదే. దాన్ని ఇక మీదట నేను ఎగతాళి చెయ్యను. మీరూ చెయ్యరని నమ్ముతూ, సెలవు తీసుకుంటున్నాను.